మా అత్త కాళ్లకు నీళ్లు

మాల్‌లో చేతులు కడుక్కోవడం నాకు ఇప్పటికీ సరిగ్గా చేతకాదు. నల్లా కింద చేతులు పెడితే నీళ్లు రావు, విసిగి తీసేస్తే అప్పుడు వస్తాయి. పక్కన నిలబడిన ఆడపిల్ల ఫోన్ చూసుకుంటూనే కడిగేసుకుని వెళ్లిపోతుంది. నేను మాత్రం ఆ ఎర్రటి కన్ను ముందు బస్సు ఆపేదానిలా చేతులు ఊపుతూ ఉంటాను. నా కూతురు నవ్వుతుంది. నాకు నవ్వు రాదు, మంట వస్తుంది. మా వైపు అలాంటి నల్లాలు అందరికంటే ముందు పెట్టించింది మా నాన్న, మా బాపే. వాటిని పెట్టించిన రోజున ఆయన పోగొట్టుకున్నది మళ్లీ ఆయనకు దొరకలేదు.

మాది చేవెళ్ల. కిరాణా కొట్టు తాతల నాటిది. దానికి ఆనుకుని బస్టాండు వైపు మా బాపు ఒక చిన్న మెస్ నడిపేవాడు. అన్నం, పప్పు, రెండు కూరలు, పచ్చిపులుసు. చేతులు కడుక్కోవడానికి బయట ఒక నీలం రంగు డ్రమ్ము, దాని మీద చిప్పలాంటి మగ్గు, సుతిలి తాడుకు కట్టి వేలాడదీసిన సబ్బు ముక్క. తాడు ఎందుకంటే సబ్బు ఎవరి జేబులోకీ పోకుండా. తుడుచుకోవడానికి పాత పేపరు ముక్కలు. మార్కెట్‌కి క్యారెట్, టమాట తెచ్చిన రైతులు ఒకరి చేతుల మీద ఒకరు నీళ్లు పోసుకునేవాళ్లు. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

నీళ్లు పోయడం అంటే మా వైపు చిన్న విషయం కాదు. ఇంటికి చుట్టం వస్తే ముందు చెంబుతో నీళ్లు వాకిట్లోకి రావాలి. వచ్చినవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కుని, తువ్వాలతో తుడుచుకున్నాకే మాటలు. అల్లుడికైనా వియ్యంకుడికైనా ఇంటివాళ్లే వంగి పోస్తారు. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డ పుట్టింటికి వచ్చిందంటే, అన్నో తమ్ముడో స్వయంగా చెంబు పట్టుకోవాలి. మురికి సంగతి తర్వాత. ఈ గడప నిన్ను మర్చిపోలేదని ఆ నీళ్లు ఆమెకు చెప్పాలి. నీళ్లివ్వలేదన్న మాట మీద అన్నదమ్ముల ముఖాలు చూడకుండా ఏళ్లకేళ్లు గడిపిన ఆడబిడ్డలు మా చుట్టాల్లో ఉన్నారు. సిటీ వాళ్లకు చెబితే నమ్మరు.

మా మేనత్త అలాంటి మనిషే. బాపుకి పెద్దక్క. మా నాయనమ్మ మంచాన పడితే బాపును చంకనెత్తుకుని పెంచింది ఆమే. ఎంకపల్లిలో ఇచ్చారు. అక్కడ వాళ్లదీ చిన్న కిరాణం. మనిషి పొట్టి, నోరు పెద్దది. బాపును తిట్టకుండా ఆమె మాట మొదలయ్యేది కాదు. "ఓరి మొద్దూ", "నీ మొకం మండ", "నీకు బుద్ధెప్పుడొస్తదిరా" — ఇవన్నీ ఆమె పలకరింపులు. కొట్టు ముందు పదిమంది ఉన్నా సరే, మీసాలు నెరిసిన మా బాపు ఆ తిట్లకు చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. ఆ నవ్వు ఆయన ఇంకెవరి ముందూ నవ్వగా నేను చూడలేదు.

వాళ్ల మధ్య మొదటి పొరపాటు నా పెళ్లిలో జరిగింది. నా అత్తింటివాళ్లది పట్నం. వాళ్ల కార్లు వచ్చేసరికి బాపు ఎదుర్కోలు హడావుడిలో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే అత్త బస్సు దిగి, చీరల సంచీతో ఫంక్షన్ హాల్ గేటు దగ్గరికి వచ్చింది. ఎండాకాలం. పాదాల నిండా దుమ్ము. బాపు ఆమెను చూశాడు, చూసి భుజం మీదుగా "లోపలికి పో అక్కా, మంచిగ కూసో" అని వియ్యంకుడి వైపు తిరిగాడు. ఆమె గేటు పక్కనే చాలాసేపు నిలబడిందట. తర్వాత లోపలికి వచ్చి ఒక మూల కుర్చీలో కూర్చుంది. అక్షింతలు వేసింది, చీర పెట్టింది, నా తల నిమిరింది. అన్నం మాత్రం తినలేదు. వెళ్లేటప్పుడు మా అమ్మకు దుమ్ము పట్టిన పాదాలు చూపించింది.

"నా తమ్ముడు పోస్తె కడుగుకుందామని చూసిన పిల్లా. వాడు నీళ్లిచ్చేదాక మీ ఇంట్ల మంచినీళ్లు ముట్ట" అని చెప్పి బస్సెక్కింది.

ఇదంతా నాకు తర్వాత అమ్మ చెప్పింది. బాపు వెంటనే వెళ్లి ఉంటే రెండు తిట్లతో సరిపోయేది. వెళ్లలేదు. "నీళ్ల కోసం గింత లొల్లినా?" అని ఈయన, "నీళ్లే గదా, ఎందుకియ్యడు?" అని ఆమె. పంతం విషయంలో ఇద్దరూ ఒక తల్లి పిల్లలే.

ఈ లోపల మా రోడ్డు మారిపోయింది. గచ్చిబౌలి అంతా అద్దాల బిల్డింగులు లేచాయి. జన్వాడ, చిన్న మంగళారం వైపు పొలాలకు ప్రహరీలు, గేట్లు వచ్చి ఫార్మ్‌హౌస్‌లయ్యాయి. ఆదివారం వస్తే మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా కార్లే కార్లు. ఒక ఆదివారం అలాంటి కారొకటి మా మెస్ ముందు ఆగింది. మెడలో ఆఫీసు కార్డు తీయడం కూడా మర్చిపోయిన ఒక అమ్మాయి బాత్రూం ఎక్కడని అడిగి వెనక్కి వెళ్లింది. వెళ్లినంత వేగంగా ముక్కు మూసుకుని వచ్చేసింది. విస్తళ్ల ముందు కూర్చున్న వాళ్లంతా ఆమెతో పాటే లేచారు. పప్పు వడ్డించిన గరిటె చేతిలో అలాగే ఉంది బాపుకి.

"తిననీకె వచ్చినోళ్లు బాత్రూం జూసి వాపస్ పోయిన్రు" అని ఆ వారమంతా అన్నాడు.

మంటంటే అది. అప్పుడే ఆయన మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కన ఫ్యామిలీ రెస్టారెంట్ కట్టాలని తీర్మానించుకున్నాడు. వంటగది ఎక్కడుండాలో తర్వాత, ముందు బాత్రూములు. నేను అప్పటికి పట్నంలో ఉండేదాన్ని. చూడటానికి వచ్చిన బాపును కొత్తగా కట్టిన ఒక మాల్‌కి తీసుకెళ్లాను. చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. చివరికి సెక్యూరిటీ అతను లోపలికి వెళ్లి చూస్తే, ఈయన ఒక్కో నల్లా కింద చెయ్యి పెట్టి, తీసి, వంగి, నల్లా ముక్కు కిందికి తొంగి చూస్తున్నాడట. బయటికి వచ్చాక కళ్లు మెరుస్తున్నాయి.

"ముట్టేదే లేదు బిడ్డా! చెయ్యి పెడ్తె వస్తది, తీస్తె బంద్. సబ్బు గూడ దానంతటదే ఉమ్ముతది. సాఫ్ట్‌వేరోళ్లకు గిదే గావాలె."

"అన్నం గూడ దానంతటదే నోట్లెకు వస్తదా?" అంది మా అమ్మ, విన్నాక.

వాటిని బిగించడానికి పట్నం నుంచి మనిషి వచ్చాడు. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, జాలీల్లో తెల్లగా పేరుకుపోతాయని అతను మొదటే చెప్పాడు. బాపు వినే స్థితిలో లేడు. చేతులు ఆరబెట్టే వేడి గాలి మెషీన్ కూడా పెట్టించాడు. అది మొదలైతే ట్రాక్టర్ స్టార్ట్ చేసినట్టే ఉండేది. ఊళ్లో తెలిసినవాళ్లు తిండికి కాకుండా చేతులు కడుక్కోవడానికే వచ్చిపోయారు. హ్యాండిల్ కోసం తడుముకునే వాళ్లు, నల్లా నెత్తి మీద ఒక్కటిచ్చే వాళ్లు. "జర కిందికి పెట్టన్న, ఆఁ, గంతే" అంటూ బాపు ప్రతి ఒక్కరి పక్కనా నిలబడి నేర్పాడు. ఆయనకు అంత సంబరం నా పెళ్లిలో కూడా లేదు.

ప్రారంభోత్సవానికి అక్కను పిలవాలని మాత్రం ఆయనకు ఆయనే అనుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. కొత్త పని మొదలుపెట్టేటప్పుడు ఆడబిడ్డ ఉసురు ఉండకూడదని భయమో, నిజంగా మనసు లాగిందో. బొట్టు పెట్టె, చీర పట్టుకుని అమ్మతో కలిసి ఎంకపల్లి వెళ్లాడు. అత్త ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి తిట్టిందట. వీధివాళ్లు బయటికొచ్చి చూసేలా తిట్టింది. తిట్టీ తిట్టీ అలిసిపోయి, కళ్లు తుడుచుకుని, "వస్త. కని నీళ్లు నువ్వే ఇయ్యాలె. నీ పెండ్లాంతోని పంపుడు గాదు" అంది.

"అక్క మస్తు తిట్టింది" అని ఆ రోజు బాపు ఫోన్లో నాకు చెప్పిన గొంతు ఇంకా నా చెవిలో ఉంది. పరీక్ష పాసైన పిల్లాడి గొంతు.

ప్రారంభోత్సవం పొద్దున నేను ముందే వెళ్లాను. అమ్మ ఇత్తడి చెంబు చింతపండుతో తోమి, కొత్త తువ్వాల మడత మీద పెట్టి సిద్ధంగా ఉంచింది. బాపు అది చూసి ముఖం ముడిచాడు.

"ఇదెందుకు?"

"వదినె వస్తది గదా. మీరే పోస్తనంటిరి."

"ఇన్ని నల్లాలు పెట్టిపిచ్చి మళ్ల చెంబు వట్టుకోని గేటు కాడ నిలవడాల్నా? సిటీల నుంచొచ్చినోళ్లు నవ్వరా? అక్కకే మొదటి నీళ్లు. ఎమ్మెల్యే వచ్చినా ఆమె తర్వాతనే. ఇంతకన్నా మర్యాద ఏమున్నది?"

"ఆమెకు కాళ్లకు నీళ్లు గావాలె. మీ బేసిన్ల కాలు వెడ్తదా?" అంది అమ్మ.

 బాపు నవ్వేసి, "నువ్వు ఊకో, అక్క ఎట్ల సంబరపడ్తదో సూడు" అన్నాడు. ఆయన మోసం చేయాలని అనలేదు. తను చూసిన వాటిలోకెల్లా గొప్పదాన్ని అక్కకు ముందుగా ఇవ్వాలనుకున్నాడు. చెంబు ఎవరైనా ఇస్తారు, ఇది తనొక్కడే ఇవ్వగలడని ఆయన లెక్క. కాకపోతే ఆ లెక్కలో కొంచెం సిగ్గు కూడా ఉంది. షర్టు ఇన్ చేసుకుని, నలుగురు చూస్తుండగా వంగి ఒకరి కాళ్ల మీద నీళ్లు పోయడం ఆ రోజు ఆయనకు ఇష్టం లేకపోయింది.

అత్త ఆటో దిగింది. పట్టుచీర, తల నిండా పూలు. గేటు దాటాక అలవాటుగా ఆగి, చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుంది. బాపు ఎదురెళ్లాడు. ఆమె భుజం పట్టుకుని, "దా అక్కా, దా" అంటూ పాదాలు అలాగే ఉండగా సరాసరి లోపలికి, బేసిన్ల గదికి తీసుకెళ్లాడు. వెనకే మేమంతా. ఫోన్లు పైకి లేచాయి.

"చేతులు వెట్టక్కా."

అత్త రెండు చేతులూ దోసిలిగా పట్టింది. కానీ నల్లా వైపు చూడలేదు. ఎవరైనా పోస్తుంటే పోసేవాళ్లనే కదా చూస్తాం. తమ్ముడి వైపు చూసింది. నీళ్లు భళ్లున వచ్చి ఆమె ఉలిక్కిపడి చేతులు లాక్కుంది. అవి ఆగిపోయాయి. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. బాపు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పెళ్లిపెద్దలా నిలబడి వెలిగిపోతున్నాడు.

"సూసినవా అక్కా! ముట్టే పనే లేదు!"

ఆమె మళ్లీ చేతులు పెట్టింది. ఈసారి నిదానంగా కడుక్కుంది. కడుక్కుంటూ వెనక్కి కట్టుకున్న ఆ చేతుల వైపే చూసింది.

"అవు తమ్మి" అంది. "నువ్వు ముట్టకుంటనే అయిపాయె."

ఆ మాటలో కోపం లేదు. అందుకే బాపుకి అది మెచ్చుకోలుగా వినిపించింది. "గదే గదక్కా!" అన్నాడు.  నేను అమ్మ వైపు చూస్తే, అమ్మ కొత్త గ్రానైట్ మీద అత్త పాదాలను చూస్తోంది. గేటు నుంచి బేసిన్ దాకా ఎర్ర దుమ్ము అడుగులు పడి ఉన్నాయి. అప్పటికే ఒకామె తడిగుడ్డతో వాటిని తుడిచేస్తోంది.

అత్త ఆ రోజు అన్నం తింది. అందుకే గొడవ తీరిపోయిందని బాపు అనుకున్నాడు. పప్పు బాగుందంది, గదులు బాగున్నాయంది, దీవించింది. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఇంత పెద్ద పనిలో, ఇంతమంది వంటవాళ్లు, సర్వర్లు తప్పటడుగులు వేస్తున్న చోట, మా అత్త దేనికీ ఎవరినీ తిట్టకుండా నాలుగు గంటలు కూర్చోవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

తర్వాత కొన్ని వారాలు ఆమె దగ్గరి నుంచి ఫోన్ లేదు. బాపు చేస్తే బాగున్నామని చెప్పి పెట్టేసేది. మనసాగక ఒక మధ్యాహ్నం లడ్డూల డబ్బా పట్టుకుని ఎంకపల్లి బయల్దేరాడు. కారు నేను నడిపాను.

ఆ ఇంట్లో బాపుకి ఎప్పుడూ ఒకటే పద్ధతి. ఇంటి పిల్లలకు ఎవరూ నీళ్లు పోయరు. ఆయన చెప్పులు విడిచి, ఇల్లు దాటుకుని సరాసరి పెరట్లోకి వెళ్లి, నీళ్ల గోలెంలో తానే ముంచుకుని కాళ్ల మీద గుమ్మరించుకునేవాడు. అక్కడి నుంచే "అక్కా, ఆకలైతున్నది" అని కేక. "మడిమెలు ఎండిపోయినయ్, మంచిగ కడుగురా మొద్దు" అని వంటింట్లోంచి ఈమె కేక.

ఆ రోజు మేము కారు దిగేసరికి అత్త వాకిట్లో నిలబడి ఉంది. ఒక చేతిలో నిండు చెంబు, భుజం మీద ఉతికిన తువ్వాల. బాపు నవ్వుతూ ఆమె పక్కనుంచి పెరటి వైపు నడవబోయాడు. ఆమె కదలలేదు.

"ఈడనే కడుక్కోండ్రి" అంది.

బాపు ఆగిపోయాడు. చెంబు కోసం చెయ్యి చాచి, "నేను పోసుకుంట తియ్యక్కా" అన్నాడు.

"అట్లెట్ల? ఇంటికొచ్చినోళ్లకు మేం పోసుడు మాకు అలవాటు."

ఆమె వంగింది. మోకాళ్లు నొప్పులని వంగడం మానేసి చాలా కాలమైన మనిషి, ఒక చేతిని గోడకు ఆనించి, తను ఎత్తుకుని పెంచిన తమ్ముడి పాదాల మీద నీళ్లు పోసింది. ఒక్క చుక్క పక్కకు పోకుండా, ఒక పాదం తర్వాత ఒక పాదం, తర్వాత చేతులు. వియ్యంకుడికి పోసినట్టు పోసింది. బాపు తల వంచుకుని కడుక్కున్నాడు. ఆమె తువ్వాల రెండు చేతులతో అందించింది. నాకు కూడా పోసింది. లోపల పీటలు వేసి, కొసరి కొసరి వడ్డించింది. దేనికీ తక్కువ చేయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బాపు, రెస్టారెంట్ బోర్డు కనబడ్డాక, "మర్యాద జేసింది బిడ్డా. అక్క నాకు మర్యాద జేసింది" అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు. నేను కారు పక్కకు ఆపాను. ఆయనకు అర్థమైంది సరిగ్గానే అర్థమైంది.

ఆ మర్నాడే గేటు దగ్గర ఒక ఇత్తడి బిందె, చెంబు పెట్టించాడు. సిటీ పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగేవాళ్లు. నల్లాల్లో సగం, ఆ ప్లంబర్ చెప్పినట్టే, ఉప్పు పట్టి మూసుకుపోయాయి. బాపు వాటిని బాగు చేయించను కూడా లేదు. అత్త ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేది, ఏదో ఒక శుభకార్యానికి. వచ్చిన ప్రతిసారీ బాపు అందరి ముందూ వంగి ఆమె కాళ్లకు నీళ్లు పోసేవాడు. ఒక్క తిట్టూ లేకుండా ఆమె "చాలు చాలు, మీకెందుకు శ్రమ" అనేది. ఊళ్లో వాళ్లు ఆ అక్కాతమ్ముళ్లను చూసి నేర్చుకోవాలని చెప్పుకునేవాళ్లు.

ఆమె ఆఖరుసారి వచ్చింది మా మేనల్లుడి పుట్టువెంట్రుకలకు. బాపు ఎప్పటిలాగే చెంబు తెచ్చాడు. పాదాల మీద పోస్తూ పోస్తూ, ఉన్నట్టుండి చెంబు వంచేసి, నీళ్లన్నీ ఆమె కొత్త పట్టుచీర అంచు మీద పోసేశాడు. చెయ్యి జారలేదు. నేను పక్కనే ఉన్నాను, కావాలనే పోశాడు. పోసి, ఖాళీ చెంబు పట్టుకుని, తల ఎత్తి ఆమె నోటి వైపు చూస్తూ నిలబడ్డాడు.

అత్త అంచు పిండుకుంది.

"ఏం గాదు తియ్యండ్రి, ఆరిపోతది" అని లోపలికి వెళ్లింది.